ఎడమ పక్క కెమెరా

జూన్ 3

ఒరేయ్ బావమరిదీ,

ఫోను చేతిలో పెట్టుకుని ఈ ఉత్తరాలేంటి, బావకి మతి పోయిందా అనుకుంటున్నావు కదూ. మన ఇల్లు నీకు తెలియనిదా? ఈ గదిలో గొంతు సవరించుకుంటే ఆ గదిలోంచి మీ అక్క "ఎవరితో మాట్లాడుతున్నావు" అని అడుగుతుంది. ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదు. నువ్వు కూడా జవాబు ఇంటికి కాదు, మా వ్యాను స్టాండు అడ్రసుకి రాయి.

నా బండిని ఎవడో గీకుతున్నాడురా. ఒకసారి కాదు. ఎడమ పక్క, తలుపు దగ్గర్నుంచి వెనక చక్రం దాకా. రంగు వేయిస్తాను, మళ్ళీ గీత. మొన్నయితే ఎడమ అద్దం వంగిపోయి ఉంది. కిడ్నీ జబ్బువాళ్ళని రక్తం శుద్ధి చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి అది. ఆసుపత్రి సూపర్‌వైజరు చూసి "ఏంటయ్యా, ఎద్దులు కుమ్మినట్టుంది బండి, ఇలాగయితే పేషెంట్లని నీతో పంపను" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన నన్ను.

ఎవడో నాకు తెలుసు. ఎదురుగా దర్జీ కొట్టు అంగుళం. అవును, మన అంగుళమే, నీ పెళ్ళికి కోటు కుట్టినవాడే. గీతలో ఆకుపచ్చ రంగు అంటుకుంది. వాడి కొట్టు ముందు రేకు పందిరికి ఉన్న ఇనుప స్తంభం రంగు కూడా అదే. ఏ చువ్వతోనో గీకుతున్నాడు. వ్యాను కొట్టుకి అడ్డం పెడుతున్నానని ఎప్పుడో ఒక మాట అన్నాడులే. దానికి ఇంత కక్షా?

బండిలో ముందుకి చూసే కెమెరా ఒకటుంది. అందులో అన్నీ రోడ్డు బొమ్మలే. నువ్వు చేసేది కార్లకి కెమెరాలు బిగించే పనే కదా. బండి చుట్టూ కనబడే రకం ఒకటి చూసి పంపు. వాణ్ణి పట్టుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నీ బావ

జూన్ 11

బావకి నమస్కారాలు,

నీ ఉత్తరం మా ఓనరు చేతిలో పడింది. "ఈ కాలంలో ఉత్తరమా, ఎవరైనా పోయారా" అని కంగారు పడ్డాడు పాపం. పోలేదండీ, మా బావ బతికే ఉన్నాడు, కోపంగా ఉన్నాడు అని చెప్పాను.

మొన్న మా షాపుకి ఒక రిటైరయిన లెక్కల మాస్టారు వచ్చాడు. కారు అద్దాలు ఎవరో పగలగొడుతున్నారని, పక్కింటివాళ్ళ మీద మండిపడుతూ కెమెరా పెట్టించుకున్నాడు. తీరా చూస్తే కాకి. అద్దంలో తన మొహం చూసుకుని ఇంకో కాకి అనుకుని పొడుస్తోంది! పక్కింటివాళ్ళతో మాటలు మళ్ళీ కలుపుకోలేక నానా తంటాలు పడుతున్నాడు. అందుకని చెప్తున్నాను, అంగుళాన్ని ఇప్పుడే దొంగని చేసెయ్యకు.

ఇక కెమెరాలు. రెండు కళ్ళవి ముందూ వెనకా చూస్తాయి. అంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ నమోదవుతాయి. మనుషుల్ని ఎక్కించుకునే బండికి చాలామంది మూడు కళ్ళవి పెట్టిస్తారు. మూడోది బండి లోపలికి చూస్తుంది, చీకట్లో కూడా. డబ్బా మీద ముందు కెమెరా గురించి గొప్పలు రాస్తారు, అది చూసి మోసపోకూడదు. మిగతా కెమెరాల బొమ్మ ఎలా ఉందో చూసి కొనాలి. నీ బండి రోజంతా ఎండలో ఉంటుంది కాబట్టి లోపల బ్యాటరీ ఉన్న రకం వద్దు, ఉబ్బిపోతుంది. కార్డు కూడా ఫోనుల్లో వేసేది పనికిరాదు. చెరిపి రాసి, చెరిపి రాసి, నెలలోపే చేతులెత్తేస్తుంది. ఆపిన బండికి కాపలా కూడా కావాలంటే ఫ్యూజుల పెట్టె నుంచి వైరు లాగాలి. బండి బ్యాటరీ మరీ దిగిపోకముందే అదంతట అదే ఆగిపోయేది చూస్తాను.

నా మాట వింటే మూడు కళ్ళది తీసుకో. లోపలిది నీకే మంచిది. రేపు ఏ పేషెంటు తరఫువాళ్ళయినా నువ్వు సరిగ్గా నడపలేదంటే సాక్ష్యం ఉంటుంది.

నీ బావమరిది

జూన్ 17

బావమరిదికి,

నేను అడిగిందేంటి, నువ్వు చెప్పిందేంటి? తేలు కుట్టింది కాలికైతే మందు చెవికి రాస్తానన్నట్టుంది. గీతలు బండి బయట పడుతుంటే కెమెరా లోపలికి తిప్పుతావా? నేను సరిగ్గా నడపలేదని ఎవరన్నారు నీతో? మీ అక్క ఏమైనా ఊదిందా? నిన్న నేను తల దువ్వుకుంటుంటే తలుపులో నిలబడి అదే పనిగా చూస్తోంది. "ఏంటి" అంటే "ఏం లేదు" అంది. మీ అక్కా తమ్ముళ్ళ మధ్య ఏదో నడుస్తోంది.

నాకు లోపలి కన్ను వద్దు. ముందు, వెనక, కుడి, ఎడమ. నాలుగు. ఎడమది అన్నిటికంటే మంచిదై ఉండాలి.

అంగుళంతో మాటలు లేవు. నిన్న ఎదురుపడి "ఏరా, స్తంభం ఊగిపోతోంది, కాస్త చూసి తియ్యరాదూ బండి" అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. నీ స్తంభం పీకి పారేస్తానన్నాను. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

నీ బావ

జూన్ 25

బావా,

కోపం తగ్గించుకో. నాలుగు కెమెరాల సెట్టు పార్శిల్లో పంపాను. పక్క కెమెరాలు రెండూ అద్దాల కింద బిగించాలి, కాస్త కిందకి వంచి, చక్రాలు కనబడేలా. మీ స్టాండు దగ్గరున్న ఎలక్ట్రీషియనుకి ఏ వైరు ఎక్కడికో బొమ్మ గీసి పెట్టాను. బండికి ఏదైనా గట్టిగా తగిలితే ఆ ముక్కని అది చెరపకుండా విడిగా దాచి పెడుతుంది. మిగతావి కార్డు నిండాక పాతవి పోతూ ఉంటాయి.

ఇంకో మాట. అడగకుండా ఉండలేకపోతున్నాను. అక్క ఫోనులో ఏడ్చింది. నీ భుజం కమిలి ఉందట, అడిగితే తలుపు తగిలిందన్నావట. అన్నం తింటూ మంచినీళ్ళ గ్లాసు తన్నేస్తున్నావట. గడప తట్టుకుని పడబోయావట. బావా, నిజం చెప్పు. డ్యూటీ అయ్యాక ఎక్కడైనా ఆగుతున్నావా? మళ్ళీ తాగుడు మొదలుపెట్టావా? నేను ఎవరికీ చెప్పను. ఆ బండిలో ఎక్కేది జబ్బుమనుషులు.

నీ బావమరిది

జూలై 9

అయ్యా బావమరిదిగారికి,

తమరి పార్శిలు అందింది. ఉత్తరం కూడా అందింది. చదివి చింపేశాను.

తాగుడు మానేసి నా కూతురి వయసంత అయింది. ఆ పిల్ల పుట్టిన రోజు వదిలేసినవాణ్ణి మళ్ళీ చుక్క ముట్టలేదు. గ్లాసు పడితే తాగినట్టా? ఇల్లు ఇరుకు. మీ అక్క వస్తువు పెట్టిన చోట ఉంచదు. నిన్నున్న చోట ఈ రోజు స్టూలు ఉండదు. దానికి నేను తాగుబోతునా? అక్కకి ఆ మాట నువ్వే ఎక్కించావో, నీకు అక్క ఎక్కించిందో తెలీదు.

కెమెరాలు బాగానే పని చేస్తున్నాయి. పొద్దున్నే లేచి, బండి ఆపి ఉన్నప్పటి బొమ్మలన్నీ కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. పిల్లి తప్ప బండి దగ్గరికి వచ్చినవాడు లేడు. అయినా నిన్న కొత్త గీత! కెమెరాలు ఎక్కడున్నాయో వాడు చూసుకున్నాడు, అందుకే తప్పించుకుంటున్నాడు. బండి నడుస్తున్నప్పటివి చూడలేదు. నడిపేది నేనే కదా, అందులో చూడ్డానికేముంది?

పోలీస్ స్టేషనుకి వెళ్ళి అంగుళం మీద కంప్లయింటు ఇచ్చి వచ్చాను. రైటరు "సాక్ష్యం ఉందా" అన్నాడు. వస్తుందన్నాను. సూపర్‌వైజరు నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఇంకో గీత పడితే కాంట్రాక్టు వేరేవాళ్ళకి.

నువ్వు ఇక నాకు రాయనక్కర్లేదు.

జూలై 20

ఒరేయ్,

రాయనక్కర్లేదన్నాను. ఇప్పుడు నేనే రాస్తున్నాను. నాకు ఇంకెవరూ లేరు.

ఇవాళ పొద్దున్న ఆసుపత్రికి బయల్దేరుతూ బండి తీశాను. వెనక సీట్లో మన వీధి పేషెంట్లు ఇద్దరున్నారు. ఎడమ పక్క దబ్ మని చప్పుడు, ఆ వెంటనే కేక. దిగి చూస్తే అంగుళం స్తంభం పక్కన కూలబడి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. కుడిచెయ్యి. మణికట్టు విరిగింది. అక్కడికి ఎలా వచ్చాడో ఒట్టు, నాకు తెలీదు. లేడు, అంతే. ఉన్నట్టుండి ఉన్నాడు. గీకడానికే చెయ్యి చాపి ఉంటాడు, బండి కదలడం చూసుకోలేదు. ఇంకేమవుతుంది?

వీధంతా నన్నే అంటోంది. కావాలని గుద్దానంటున్నారు. మొన్న స్తంభం పీకేస్తానన్న మాట అందరూ విన్నారు కదా. స్టేషనువాళ్ళు లైసెన్సు చూపించమన్నారు. పాత కార్డు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొత్తది వేసి బండి తిప్పుతున్నాను, తిప్పకపోతే తిండి లేదు. నీ దగ్గర కంప్యూటరు ఉంది. వాడు చెయ్యి చాపిన ముక్క కోసి, పెద్దది చేసి, స్టేషనులో చూపించడానికి పంపు. నీ కాళ్ళు పట్టుకుంటాను. మీ అక్క నాతో మాట్లాడటం లేదు. పిల్ల నన్ను చూసి లోపలికి వెళ్ళిపోతోంది.

బావ

జూలై 26

బావా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపానో. కూర్చుని చదువు. బండిలో చదవకు.

తెర మీద నాలుగు గళ్ళు వస్తాయి, ఒక్కో కెమెరాకి ఒక్కోటి. అంగుళం ఉన్నట్టుండి రాలేదు బావా. నువ్వు బండిలో ఎక్కకముందు నుంచీ అక్కడే ఉన్నాడు. తన మెట్టు మీద నిలబడి బట్టల మూట విప్పుకుంటున్నాడు. నువ్వు వాడి ముందు నుంచే నడిచివెళ్ళి బండి ఎక్కావు. బండి కదిలి ఎడమకి వచ్చింది. వాడు చెయ్యెత్తింది గీకడానికి కాదు. "ఆగరా, ఆగాగు" అంటున్నాడు, గొంతు వినబడుతోంది. నీ అద్దానికీ స్తంభానికీ మధ్య ఆ చెయ్యి పడింది. వాడు కేక వేశాక గానీ నువ్వు బ్రేకు వెయ్యలేదు.

మొదట నాకు నీ మీద అసహ్యం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? చూస్తూ చూస్తూ గుద్దావనుకున్నాను. తర్వాత కార్డులో మిగిలిన రోజులన్నీ చూశాను. ఆ ఇనుప స్తంభాన్ని నువ్వే రాసుకుంటూ వెళ్తున్నావు, పొద్దునా సాయంత్రమూ. ఆసుపత్రి గేటునీ అంతే. ఒకచోట సైకిలు తొక్కుతున్న పిల్ల ఎడమ పక్క నుంచి కాలవలోకి దిగిపోయి తప్పించుకుంది. నువ్వు తిరిగి కూడా చూడలేదు. చూసి వెళ్ళిపోయే మనిషివి కాదు నువ్వు. నాకు తెలుసు. అంటే నీకు కనబడలేదు.

నీ భుజం కమిలిందన్నారే, అది ఏ భుజం? తన్నేసిన గ్లాసు ఏ పక్కన ఉంది? అక్కకి ఫోను చేసి అడిగాను. అన్నీ ఎడమే బావా. తాగావని అన్నందుకు నా నోరు కాలిపోనీ. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళేదాకా ఆ బండి తియ్యకు.

బావమరిది

జూలై 31

బావమరిదీ,

నా కళ్ళు బాగానే ఉన్నాయి. లైసెన్సు రెన్యువలప్పుడు గోడ మీది అక్షరాలు అట్టడుగు వరస దాకా గడగడా చదివాను. దూరంగా వచ్చే బస్సు బోర్డు నీకంటే ముందు నేను చదువుతాను. నువ్వు పంపిన కెమెరాలు చవకబారువి, బొమ్మ వంకరగా చూపిస్తున్నాయి.

ఆ ముక్క చెరిపెయ్. కార్డు పోయిందని చెప్తాను, ఎవరూ అడగరు. చెరిపెయ్యరా. బండి లేకపోతే నేనేంటి? నాకు ఇంకో పని రాదు. నువ్వు ఇంతున్నప్పుడు భుజం మీద మోసుకుని తిప్పాను, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని చెరిపెయ్.

ఆగస్టు 4

బావా,

చెరపను.

నీ భుజం మీద ఊరంతా చూసినవాణ్ణే. అందుకే చెరపను. రేపు ఆ సైకిలు పిల్ల కాలవలోకి దిగడం ఆలస్యమైతే నువ్వు బతకవు. జైలు సంగతి కాదు నేను చెప్పేది. నువ్వు ఉరిపోసుకునే మనిషివి.

అక్కకి అంతా చెప్పేశాను. మాట తప్పాను, తిట్టుకో. తాళాలు దాచమన్నాను. ఇంకా బండి తీస్తే ఆ ముక్క నేనే స్టేషనుకి పంపుతాను. ఇది బెదిరింపే. నాకు ఇంకో దారి కనబడలేదు.

నీ తమ్ముడి లాంటివాడు

ఆగస్టు 22

ఒరేయ్ నాన్నా,

మీ అక్క తాళాలు దాచలేదు. నేను చొక్కా వేసుకుంటుంటే తెచ్చి చేతిలో పెట్టింది. "వెళ్దువు గానీ, ముందు ఒక పని చెయ్యి. ఎదురుగా గోడ గడియారం వైపు చూస్తూ నిలబడు. నేను నీ ఎడమ పక్క నుంచి వస్తాను. నేను కనబడగానే చెప్పు. చెప్పి వెళ్ళిపో" అంది.

నిలబడ్డాను. చూస్తున్నాను. ముల్లు కదలడం కూడా కనబడుతోంది. ఎంతకీ రాదు. విసుగొచ్చి "వస్తున్నావా లేదా" అన్నాను. నా చెవి పక్కనే మాట వినబడింది. "నేనొచ్చి నిలబడి చాలాసేపయింది" అంది.

తల తిప్పాను. అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. తాళాలు ఎప్పుడు కింద పడ్డాయో నాకు తెలీదు.

కళ్ళ డాక్టరు ఒక గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమంది. బాగానే నొక్కుతున్నానని అనుకుంటున్నాను. కాసేపటికి పక్కనున్న నర్సమ్మ "ఏమండీ, నిద్ర పట్టిందా" అని అడిగింది. అప్పుడు అర్థమైందిరా. ఎన్ని చుక్కలు వెలిగి ఆరిపోయాయో నా ముందు. నీటికాసులట, ఇంగ్లీషులో గ్లాకోమా అంది. నొప్పి ఉండదు, మసక ఉండదు, పక్కల నుంచి చూపు తినేస్తూ వస్తుందట. ఎడమ వైపు దాదాపు అంతా పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం శుభ్రంగా ఉంటుంది, అందుకే అక్షరాలు చదివేశాను. పోయింది తిరిగి రాదు. ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవాలి. స్టీరింగు మాత్రం ఇక లేదు. పిల్లకి కూడా పరీక్ష చేయించాం, రక్తంలో వస్తుందన్నారని. దానికి ఏమీ లేదు. ఆ ఒక్క మాటకి మీ అక్క ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

స్టేషనుకి వెళ్ళి కంప్లయింటు వెనక్కి తీసుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. కార్డు నువ్వు పంపితే ఇస్తానన్నాను. కేసు ఏమవుతుందో తెలీదు. ఏదైనా పడతాను.

తర్వాత అంగుళం దగ్గరికి వెళ్ళాను. కొట్టు మూసి ఉంది, వాడు మెట్టు మీద కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎడమ పక్క చూపు పోయిందిరా. నువ్వక్కడ ఉన్నావని నాకు తెలీదు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "చూడలేదా?" అన్నాడు.

"లేదురా."

"నిజంగా చూడలేదా? నా వైపు చూసి పోనిచ్చావనుకున్నానురా. నా కళ్ళలోకి చూశావనుకున్నాను."

"నా పిల్ల మీద ఒట్టు."

అప్పుడు ఏడ్చాడు. చెయ్యి విరిగిన రోజు కూడా అలా ఏడవలేదట. "ఇరుగుపొరుగు ఏదో అన్నారు, నేనూ నమ్మాను. నువ్వు నన్ను చంపాలనుకున్నావని పక్క మీద దొర్లుతూ అదే ఆలోచన. చెయ్యిదేముందిరా, అతుక్కుంటుంది" అన్నాడు. అతుక్కున్నా కత్తెర పట్టు మునపటిలా ఉండకపోవచ్చని వాళ్ళావిడ తర్వాత నాకు వేరేగా చెప్పింది. వాడు మాత్రం నాతో అనలేదు. ఇప్పుడు రోజూ వెళ్ళి వాడు గీత గీసిన చోట గుడ్డ కత్తిరిస్తున్నాను. సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తాను. పక్కన పెట్టిన కత్తెర కోసం మాత్రం బల్లంతా తడుముకుంటాను.

నన్ను తినేస్తున్నది ఒకటుంది, నీకే చెప్తున్నాను. నీ కెమెరాలు వచ్చాక జరిగింది నువ్వు చూశావు. రాకముందు సంగతి? డాక్టరు ఇది ఏళ్ళ తరబడి జరిగిందంటోంది. ఎవరు కాలవలో పడ్డారో, ఎవరు గోడకి అతుక్కుపోయి నన్ను శపించారో. వెళ్ళి క్షమాపణ అడుగుదామంటే మొహాలు తెలీవు. రోడ్డు మీద ఎవరైనా కుంటుతూ కనబడితే నా బండేనేమోనని ఆగి చూస్తున్నాను.

నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చెరిపేసి ఉంటే ఈపాటికి నేనూ ఉండేవాణ్ణి కాదు, ఇంకెవరో కూడా ఉండేవారు కాదు.

ఆసుపత్రివాళ్ళు బండి అద్దెకి తీసుకున్నారు, డ్రైవరు వాళ్ళవాడే. కెమెరాలు తియ్యొద్దన్నాను. ఎడమ అద్దం కిందది రోజూ తుడవమని చెప్పాను. ఇవాళ పొద్దున్న వచ్చి బండి తీశాడు. మన వీధి పేషెంటు ముసలావిడ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. వీధి చివర ఎడమకి తిరిగింది. తల తిప్పి చూడడం ఇంకా అలవాటు కాలేదురా. తిప్పేసరికి బండి లేదు.

నీ బావ